మెషీన్ లెక్కతో సరిపెట్టని ల్యాబ్: అనకాపల్లిలో మా ఇంటి రక్త పరీక్షలు

అనకాపల్లిలో రక్త పరీక్షకి ఎక్కడికి వెళ్లాలని ఎవరడిగినా నేను రైల్వే స్టేషన్ వైపు వెళ్లే దారిలో, మెడికల్ షాపు పైనున్న ఈ చిన్న ల్యాబ్‌కే వెళ్లమంటున్నాను. ఊరికే బాగుందంటే సరిపోదు కదా, కారణాలన్నీ రాస్తాను.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఏజెన్సీలోనే, మలేరియా స్లైడ్ల ముందే గడిచింది. అందుకని ల్యాబ్‌లోకి వెళ్లగానే ఏసీ ఉందా, సోఫా ఉందా అని చూడను. మైక్రోస్కోప్ ఎక్కడ పెట్టారో చూస్తాను. చాలా చోట్ల అది ప్లాస్టిక్ కవరు కప్పుకుని మూలన ఉంటుంది. ఇక్కడ కిటికీ పక్కన బల్ల మీద ఉంది. ఇమర్షన్ ఆయిల్ సీసా సగానికి పైగా అయిపోయింది. స్టాండులో ఆ పొద్దున లీష్మన్ రంగు వేసిన స్లైడ్లు వరసగా ఆరుతున్నాయి, ఒక్కోదాని చివర పెన్సిల్‌తో నంబరు రాసి ఉంది. పెన్నుతో రాస్తే రంగు వేసేటప్పుడు చెరిగిపోతుంది. ఆ పెన్సిల్ గీత చూశాకే ఇక్కడ పని తెలిసినవాళ్లు ఉన్నారని నాకు నమ్మకం కలిగింది.

రక్తం తీసే కుర్రాడు డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా, చదివాడు. చెయ్యి పట్టుకోగానే కట్టు బిగించేసి ఫోన్ మాట్లాడుకునే రకం కాదు. ముందు నరం వేలితో తడిమి చూసుకుని, ఆ తర్వాత కట్టు కట్టి, నిమిషంలోపే విప్పేశాడు. కట్టు ఎక్కువసేపు ఉంటే ఆ చేతిలో రక్తం చిక్కబడి లెక్కలు తేడా వస్తాయి. పర్పుల్ మూత ట్యూబును గట్టిగా ఊపలేదు, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేశాడు. ఊపితే ఎర్ర కణాలు పగులుతాయి. అసలు కలపకపోతే సన్నటి గడ్డలు కడతాయి. ట్యూబు మీద పేరు, వయసు, టైము మనిషి ఎదురుగా ఉండగానే రాశాడు, మా చేత చదివించాడు కూడా. ఈ చివరి పని ప్రతి ల్యాబూ చేస్తే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తప్పుతుందో.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సర్వీసు ఒకటి మా అత్తగారి కోసం ముందు వాడాం. మే నెల ఎండలో ఆ అబ్బాయి బండికి తగిలించిన మామూలు సంచిలో ట్యూబులు వేసుకుని ఊరంతా తిరిగి, సాయంత్రం ఎప్పుడో సెంటర్‌లో ఇచ్చాడు. పొటాషియం 6.4 అని రిపోర్టు వచ్చింది. నిజంగా అంత ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆవిడ హాయిగా కూర్చుని పెసరట్టు తింటున్నారు. మర్నాడు ఈ ల్యాబ్‌కి తీసుకొస్తే 4.3 వచ్చింది. ఒంట్లో పొటాషియంలో ఎక్కువ భాగం కణాల లోపలే ఉంటుంది. వేడికి, కుదుపులకి ఎర్ర కణాలు ట్యూబులోనే పగిలితే అదంతా సీరంలోకి కారుతుంది. రోగం మనిషికి కాదు, ట్యూబుకి వచ్చింది. ఈ ల్యాబ్‌వాళ్లు కూడా ఇంటికి వస్తారు, కాకపోతే ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాతో వస్తారు, ఊరు దాటి వెళ్లరు. దూరం ఒప్పుకోకపోవడం కూడా నాకు మంచి లక్షణంగానే కనిపించింది.

ఇక అసలు సంగతి, సీబీపీ, అంటే రక్తంలో కణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్ష. మన దగ్గర డాక్టరు చీటీ రాశారంటే అందులో మొదటి పరీక్ష ఇదే. వీళ్ల దగ్గరున్నది పెద్ద ఖరీదైన మెషీన్ కాదు, తెల్ల కణాలను మూడు రకాలుగా విడదీసేది. అందులో లెక్క వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతిలో జరుగుతుంది. పలచన చేసిన రక్తాన్ని సన్నటి రంధ్రం గుండా పంపుతారు. ఒక్కో కణం దాటేటప్పుడు కరెంటుకి అడ్డం పడుతుంది. ఎన్నిసార్లు అడ్డం పడిందో అన్ని కణాలు, ఎంత అడ్డం పడిందో అంత సైజు. చాలా గొప్ప పద్ధతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో న్యూబావర్ చాంబర్ మీద గళ్లలో కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టినదాన్ని, ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఆ రంధ్రం దాటిన కణం గుండ్రంగా ఉందా, కొడవలిలా వంగిందా, రెండు మూడు అతుక్కుని ఒకటిగా వెళ్లాయా అన్నది ఈ మెషీన్‌కి తెలియదు. అది చూడాల్సింది మనిషే. లెక్క తేడాగా ఉన్న ప్రతి నమూనాకీ ఈ ల్యాబ్‌లో స్లైడ్ తీస్తారు. విడిగా స్మియర్ రిపోర్టు, అంటే స్లైడ్ మీద పరిచిన రక్తాన్ని చూసి రాసేది, అడిగితే నూట యాభై తీసుకుంటారు. వాళ్లకే అనుమానం వచ్చి తీస్తే ఏమీ తీసుకోరు.

దీని విలువ మా ఇంట్లోనే తెలిసింది. మా కోడలు నా అన్నయ్య కూతురే, మేనరికం. మూడో నెల. వాళ్లుండే ఊళ్లో పరీక్ష చేయించి, "రక్తం తక్కువుంది, ఐరన్ వేసుకోవాలి" అన్నారు. పెళ్లికి ముందు నుంచీ ఆ పిల్లకి అదే మాట. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, మలబద్ధకం, రక్తం మాత్రం పెరగదు. పండక్కి ఇక్కడికి వచ్చినప్పుడు, "అత్తా, ఇంక ఆ మాత్రలు నా వల్ల కాదు" అంటే ఈ ల్యాబ్‌కి తీసుకొచ్చాను.

హిమోగ్లోబిన్ 10.2. ఎవరైనా ఆ ఒక్క అంకె చూసి ఐరనే రాస్తారు. కానీ రిపోర్టులో కింద ఇంకొన్ని వరుసలు ఉంటాయి, అవి ఎవరూ చదవరు. ఎర్ర కణాల సంఖ్య 54 లక్షలు, ఒక్కో కణం సగటు సైజు అంటే ఎంసీవీ 61. ఉండాల్సింది 80 నుంచి 100. ఐరన్ చాలకపోతే ఎముక మజ్జలో సరుకు ఉండదు కాబట్టి కణాలు చిన్నవవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. ఇక్కడ కణాలు బాగా చిన్నవి, సంఖ్య మాత్రం నిండుగా ఉంది. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో, మిలియన్లలో, భాగిస్తే 61 బై 5.4, పదకొండు పైచిలుకు. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా, అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జన్యు లోపం, దాని వాహకులేమో అని అనుమానించాలి. ఇది మెంట్‌జర్ సూచిక, 1973 నుంచి వాడుకలో ఉంది. అనుమానానికే పనికొస్తుంది, నిర్ధారణకి కాదు.

నేను ఆ లెక్క వేసుకునేలోపే లోపలి నుంచి ల్యాబ్ నడిపే ఆయన వచ్చారు. "మేడం గారూ, ఒకసారి స్లైడ్ చూస్తారా?" అన్నారు. చూశాను. కణాలు చిన్నవో పెద్దవో కంటితో తెలుసుకోవడానికి పక్కనున్న చిన్న లింఫోసైట్ అనే తెల్ల కణం కేంద్రకాన్ని కొలతగా పెట్టుకుంటాం. మామూలు ఎర్ర కణం దాదాపు అంతే ఉంటుంది. ఇవి దానికంటే బాగా చిన్నవి. మామూలు కణానికి మధ్యలో మూడో వంతు పాలిపోయి ఉంటుంది. వీటిలో కొన్నిటికి ఆ పాలిపోయిన చోట నడిమధ్యలో మళ్లీ ఎర్రటి చుక్క. టార్గెట్ సెల్స్ అంటాం. ఐరన్ లోపంలో కనిపించే సన్నటి పెన్సిల్ లాంటి కణాలు నేను వెతికినంతలో లేవు.

ఆయన రిపోర్టు మీద రోగం పేరు రాయలేదు. "చిన్న కణాలు, సంఖ్య ఎక్కువ, ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ చేయించాలి" అని పాథాలజిస్ట్ గారి చేత రాయించి, గైనకాలజిస్ట్‌కి చూపించమన్నారు. హెచ్‌పీఎల్‌సీ అంటే హిమోగ్లోబిన్‌లోని రకాలను విడదీసి కొలిచే పరీక్ష, అది ఇక్కడ లేదు, నమూనా విశాఖపట్నం వెళ్లింది. మూడో రోజు వచ్చింది. హిమోగ్లోబిన్‌లో ఒక రకమైన హెచ్‌బీ ఏ2 5.3 శాతం. మామూలుగా మూడున్నర లోపే ఉండాలి. ఫెరిటిన్ 68, అంటే ఒంట్లో ఐరన్ నిల్వకి లోటు లేదు. బీటా తలసీమియా మైనర్, అంటే వాహకురాలు.

ఇది రోగం అనుకుని భయపడేవాళ్ల కోసం నాలుగు మాటలు. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసు తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పాడైతే రెండోది నెట్టుకొస్తుంది, మనిషి మామూలుగానే బతుకుతాడు, కాస్త హిమోగ్లోబిన్ తక్కువ అంతే. భార్యాభర్తలిద్దరికీ అలా ఉంటేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ నూటికి పాతిక వంతుల అవకాశం, బిడ్డకి రెండూ పాడైనవే రావడానికి. అదే పెద్ద తలసీమియా. కడుపులో ఉన్నప్పుడు పిండానికి వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, అందులో బీటా అక్కర్లేదు. అందుకే ఆ బిడ్డ బాగానే పుడుతుంది. ఆ హిమోగ్లోబిన్ తగ్గిపోయే కొద్దీ, ఆరో నెల దాటాక పాలిపోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో సంచి రక్తంతో 200 మిల్లీగ్రాములకి పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది, అది బయటికి పోయే దారి ఒంటికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకోకుండా దాన్ని లాగేసే మందులు జీవితాంతం వాడాలి. అలాంటి పిల్లల తల్లుల్ని నేను చూశాను. రక్తం సంచి పట్టుకుని వార్డు బయట కూర్చున్న ఆ మొహాలు మర్చిపోలేను.

మాది మేనరికం కాబట్టి ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. అది అన్నయ్య వైపు నుంచి వచ్చి ఉంటే నాకూ ఉండొచ్చు, నా నుంచి మా వాడికీ వచ్చి ఉండొచ్చు. ల్యాబ్‌వాళ్లు మేం అడగకముందే "అబ్బాయి గారిది కూడా చేయించండి, ఆలస్యం చేయొద్దు" అన్నారు. మా వాడి ఎంసీవీ 86, ఏ2 2.6. పూర్తిగా మామూలే. తర్వాత వదినకి చేయిస్తే కోడలిలాగే వచ్చింది. పాపం వదిన, పెళ్లైన దగ్గర్నుంచీ "రక్తం లేని మనిషి" అనిపించుకుంటూ ఎన్ని టానిక్కులు తాగిందో. ఇప్పుడు కోడలికి డాక్టరమ్మ ఐరన్ మోతాదు తగ్గించి, ఫోలిక్ యాసిడ్ కొనసాగించి, ఫెరిటిన్ మీద కన్నేసి ఉంచారు. పుట్టే బిడ్డకి పెద్ద తలసీమియా వస్తుందన్న భయం లేదు.

ఇది చదివి ఎవరూ ఐరన్ మాత్రలు మానేయకండి. మన దగ్గర రక్తహీనతకి పెద్ద కారణాల్లో ఐరన్ చాలకపోవడం ఒకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరిలో ఎక్కువ పోవడం, వెంటవెంటనే కాన్పులు, చెప్పుల్లేకుండా మట్టిలో నడిచేవాళ్లకి కొంకి పురుగులు, భోజనమవగానే టీ. వీటి వల్ల వచ్చిన ఐరన్ లోటుకి మాత్రలే మందు. నేననేది, నెలల తరబడి సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే ఇంకో సీసా టానిక్ కొనకుండా రిపోర్టులో ఎంసీవీ వరుస చూపించి డాక్టరుని అడగండి అని. అది 100 దాటితే కథ ఇంకో వైపు వెళ్తుంది, బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువేమో చూడాలి.

రెండో సంగతి మా పక్కింటి మాస్టారిది. వానాకాలం, రెండు రోజుల జ్వరం. వేరే చోట సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 38 వేలు. డెంగీ అని ఇల్లంతా గగ్గోలు. ఒకరు బొప్పాయి ఆకు రసం తెచ్చారు, ఒకరు విశాఖలో బెడ్ మాట్లాడారు. డెంగీకి మొదటి రోజుల్లో చేసే ఎన్‌ఎస్1 పరీక్ష నెగటివ్. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్లలో రక్తం లేదు, మనిషి గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్నారు. "మాస్టారూ, కారెక్కే ముందు ఒక్కసారి నాతో రండి" అని ఇక్కడికి తెచ్చాను. మెషీన్‌లో మళ్లీ నలభై వేల చిల్లరే. స్లైడ్ చివర చూస్తే ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి.

పర్పుల్ మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది రక్తంలో కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. కొద్దిమంది రక్తంలో ఆ ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుత్తి మొత్తాన్ని మెషీన్ ప్లేట్‌లెట్‌గా గుర్తించదు, పెద్ద కణంగా లెక్కేస్తుంది. ఒంట్లో అంతా బాగానే ఉంటుంది, ట్యూబులోనే ఈ తంతు. ల్యాబ్ ఆయన వెంటనే నీలం మూత ట్యూబులో, అంటే సిట్రేట్‌లో, మళ్లీ రక్తం తీశారు. లక్షా 56 వేలు వచ్చింది. ఆ ట్యూబులో ద్రవం కొంచెం ఎక్కువ కాబట్టి 1.1తో హెచ్చవేయాలి, లక్షా 72 వేలు. మాస్టారికి మామూలు వైరల్ జ్వరం, తగ్గిపోయింది. "ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, సిట్రేట్‌లో చూడాలి" అని ఒక కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చారు. అది మాస్టారు పర్సులో పెట్టుకున్నారు. జీవితాంతం పనికొచ్చే కాగితం.

నిజంగా డెంగీ వచ్చినా ఒక్క ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని వేలాడకూడదు. అదే రిపోర్టులో హెమటోక్రిట్ అని ఉంటుంది, రక్తంలో కణాల వంతు. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోతే ఆ అంకె పెరుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ కారడమే. రక్తస్రావం లేనివాళ్లకి ప్లేట్‌లెట్లు పది వేల కిందికి పడేదాకా మామూలుగా ఎక్కించరు. ఈ ల్యాబ్‌లో జ్వరం కేసులకి హెమటోక్రిట్‌ని ముందు రోజు అంకెతో పక్కపక్కన వేసి ఇస్తారు. ఇది డాక్టర్లకి ఎంత సాయమో.

ఇంకొకటి, ఇది నాకు బాగా దగ్గరి విషయం. నేను కూర్చుని ఉండగా పాడేరు వైపు నుంచి ఒకావిడ కొడుకుని తీసుకొచ్చింది. పదిహేనేళ్లుంటాయి, కళ్లు పచ్చగా, తుంటి నొప్పితో కుంటుతున్నాడు. కామెర్ల మందు పోయించుకొచ్చామంది. కుర్రాడి చీటీలో సీబీపీ ఒక్కటే ఉంది. ల్యాబ్ ఆయన స్లైడ్ చూసి, డాక్టరుకి ఫోన్ చేసి ఒప్పించి, సికిల్ పరీక్ష, అంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగే జబ్బుకి చేసేది, కూడా చేశారు. ఒక చిన్న గాజు గొట్టంలో డైథయోనైట్ కలిపిన ద్రావణం, అందులో రెండు చుక్కల రక్తం, వెనక నల్ల గీతలున్న కాగితం. మామూలు రక్తమైతే గీతలు కనిపిస్తాయి. ఆ అబ్బాయిది మసకబారిపోయింది, ఒక్క గీత కనిపించలేదు. ఏజెన్సీలో నేను చేసినంత కాలం ఎన్ని గొట్టాలు అలా మసకబారడం చూశానో.

బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ వచ్చి కూర్చుంటుంది. అంతే తేడా. ఆక్సిజన్ తగ్గిన చోట ఆ హిమోగ్లోబిన్ బారులు కట్టి గట్టిపడి, కణాన్ని వంచేస్తుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజుల్లో పగిలిపోతుంది. అందుకే పచ్చకళ్లు. వంగిన కణాలు సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి, అందుకే ఆ ఎముకల నొప్పి. ఒక్క జన్యువే ఉన్నవాళ్లకి ఇవేవీ సాధారణంగా రావు, పైగా మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకం నుంచి కొంత రక్షణ. మలేరియా ఉన్న మన్యంలో ఆ జన్యువు నిలిచిపోవడానికి అదే కారణం. ఈ గొట్టం పరీక్ష ఒక జన్యువా రెండా అన్నది చెప్పలేదు. అందుకని పై పరీక్షకి పంపుతూ ఆ తల్లికి ఎంత ఓపిగ్గా చెప్పారో: నీళ్లు బాగా తాగించు, చలిలో తిప్పకు, జ్వరం వస్తే ఆగకు, హైడ్రాక్సీయూరియా అని మాత్ర ఉంది, డాక్టరుని అడుగు, పెద్దాసుపత్రిలో ఎక్కడికి వెళ్లాలో రాసిస్తాను. ఆ మాటలకి బిల్లు లేదు.

లోపాలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. మా అత్తగారిని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. రక్తం చూసి కళ్లు తిరిగేవాళ్లుంటారు, వాళ్లని పడుకోబెట్టడానికి ఒక్క బల్ల కూడా లేదు, కుర్చీల్లోనే సర్దుతున్నారు. సాయంత్రం పూట రక్తం తీయడానికి ఆడమనిషి ఉండదు. యూరిన్ శాంపిల్‌కి వెళ్లే బాత్రూం తలుపు గడియ సరిగ్గా పడదు.

అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించింది రిపోర్టులో మామూలు అంకెల వరుస. పెద్దలకీ పిల్లలకీ ఒకటే అచ్చువేస్తున్నారు. మూడేళ్ల పిల్లకి లింఫోసైట్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఉండటం సహజం. దాని పక్కన ముద్దగా, నల్లగా ఎక్కువ అని గుర్తు పడితే ఆ తల్లికి రాత్రి నిద్ర ఉంటుందా? ఇంత జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌లో వయసుల వారీగా అంకెలు పెట్టించుకోవడం పెద్ద పని కాదు. ఆయనతో చెప్పాను, రాసుకున్నారు. ఇంకా మారలేదు.

సీబీపీకి మూడు వందలు, ఊళ్లో మిగతా చోట్లతో పోలిస్తే యాభై ఎక్కువ. దానికి పరగడుపున వెళ్లనక్కర్లేదు. షుగరు కూడా ఉంటేనే టిఫిన్ ఆపుకోండి. రిపోర్టు వాట్సాప్‌లో రెండు గంటల్లో వస్తుంది. పాత రిపోర్టులుంటే పట్టుకెళ్లండి, కౌంటర్‌లో అడిగి మరీ చూస్తారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకానే. స్లైడ్ చూడాల్సిన కేసైతే సాయంత్రం ఆరులోపు వెళ్లండి, పాథాలజిస్ట్ గారు ఏడున్నరకి వెళ్లిపోతారు, ఆ తర్వాత ఇచ్చిన నమూనా స్లైడ్ మర్నాడు పొద్దున్నే చూస్తారు.